రాని సంచికపై ఆర్థర్ మేష్టారి అభిప్రాయం

ఆర్థర్ మేష్టారికి నచ్చిన బొమ్మల పుస్తకం ఇంతవరకు భూమ్మీద అచ్చు కాలేదు. అలాగని చదవడం మానేస్తాడా? రెజిమెంటల్ బజార్లో అనసూయమ్మ పుస్తకాల కొట్టుకు బొంబాయి నుంచి ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల కట్ట రావడం ఆలస్యం, గొడుగు చంకన పెట్టుకుని హాజరు. కట్ట తాడు విప్పేది ఆయనే, కొట్టు ముందు నిలబడి కొత్త సంచికను ఆసాంతం చదివేది ఆయనే, చదివి నుదురు కొట్టుకునేదీ ఆయనే.

"అయిపోయిందమ్మా. బొమ్మల కథకు రోజులు చెల్లాయి. పోయిన సంచికే నయం."

పోయిన సంచిక వచ్చినప్పుడూ ఈ మాటే అన్నాడు.

"గట్లనకుండ్రి సార్, బేరం ఖరాబైతది" అని అనసూయమ్మ మొదట్లో మొత్తుకునేది. తర్వాత ఆమెకే తెలిసొచ్చింది. మేష్టారు ఎంత తిడితే జనం అంత ఎగబడి కొంటున్నారు, అంత అధ్వాన్నంగా ఏముందో చూద్దామని. ఒకసారి ఆయన గొంతు పట్టేసి తిట్టలేకపోతే సగం కట్ట మిగిలిపోయింది.

మేష్టారు రాజమండ్రి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మిషన్ స్కూల్లో డ్రాయింగు మేష్టారు, చర్చిలో సంఘపెద్ద. ఓ ఆదివారం జకర్యా పాస్టరుగారు ప్రసంగం ఎలా ఉందని అడిగితే, "పోయిన సంచికే నయమండీ" అన్నాడట. అలవాటుపడ్డ నోరు మరి.

కొట్టు వెనక గదిలో అనసూయమ్మ భర్త ఉండేవాడు. పేరు మాత్రం బ్రహ్మచారి. నగలు చేసిన కంసాలి. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక మంచానికి అతుక్కుపోయాడు. ఇంగ్లీషు రాదు గనుక ఆయన బొమ్మలు చూసేవాడు, మేష్టారు పక్కన కూర్చుని కథ తెలుగులో చెబుతూ, మధ్యమధ్య రాసినవాణ్ణి తిట్టేవాడు. కెప్టెన్ పిల్లీ అనే ఓడదొర కథంటే బ్రహ్మచారికి ప్రాణం. ఆయన నోట్లో అతను "పిల్లి కప్తాన్".

అంతలో నిజాం సర్కారుకూ ఇండియన్ యూనియన్‌కూ చెడింది. సరిహద్దుల దగ్గర సరుకు ఆగిపోయింది. మోండా మార్కెట్లో ఉప్పు దొరికితే ఆ రోజు పండగ. రజాకార్ల భయానికి వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. బొంబాయి కట్ట కూడా ఆగిపోయింది. ఆఖరి సంచికలో పిల్లి కప్తాన్‌ను శత్రువులు బావిలో కట్టేశారు, నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. "తరువాయి వచ్చే వారం" అని ఉంది.

వచ్చే వారం వచ్చింది గానీ పుస్తకం రాలేదు. బ్రహ్మచారి గోడవైపు తిరిగి పడుకున్నాడు. "అంతటోడే మునిగె. ఇగ నేనెందుకు?" అని గంజి ముట్టడం మానేశాడు. అనసూయమ్మ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. మనిషి చిక్కి సగమయ్యాడు. చేతిలోంచి ప్రాణం జారిపోతున్నట్టే ఉంది ఆమెకు. కొట్టు మెట్ల మీద దిగులుగా కూర్చున్న మేష్టారికి ఆ మాట చెప్పుకుంది.

మర్నాడు మేష్టారు తిన్నగా మంచం దగ్గరకు వెళ్ళాడు.

"కొత్త సంచిక వచ్చిందండీ. ఛీ!"

బ్రహ్మచారి ఇటు తిరిగాడు. "ఏది?"

"మీ కంట పడనివ్వను. ఓ మిలిటరీ ఆయన దగ్గర చదివి అక్కడే పడేసి వచ్చాను."

"బతికిండా?"

"బతికాడు. ఎలా బతికాడో వింటే సిగ్గుతో చస్తారు. ముందు గంజి తాగండి, ఇంత చెత్త పరగడుపున వినకూడదు."

గ్లాసు ఖాళీ అయింది. కప్తాన్ పళ్ళతో తాడు కొరికి, ఎవరో జాలరి పిల్ల వేసిన చేద పట్టుకుని పైకొచ్చాడు. వారం వారం ఇదే వరస. జాలరి పిల్లతో కప్తాన్ పెళ్ళి దాకా వచ్చింది. తిట్టుకో గుక్క చొప్పున గంజి లోపలికి పోతూనే ఉంది.

కట్ట రాలేదని అనసూయమ్మకు తెలియదా! వాకిట్లో మేష్టారిని ఆపింది. "చర్చి పెద్దలయ్యి గిన్ని అబద్ధాలా సార్?"

"పాపమే తల్లీ. పైగా కథ కూడా చండాలంగా ఉంది."

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. వీధులు ఊపిరి బిగబట్టి, మెల్లగా తలుపులు తీశాయి. కొన్నాళ్ళకు బొంబాయి కట్టా దిగింది, ఆగిపోయిన సంచికలన్నీ కలిపి. ఆ రోజు మేష్టారు తాడు విప్పలేదు. అనసూయమ్మే విప్పి, తరువాయి సంచిక మంచం మీద పెట్టింది. బ్రహ్మచారి ఎడమచేత్తో పేజీలు తిప్పాడు. మేష్టారు మెడ చాచి చూశాడు. అందులో జాలరి పిల్ల లేదు, చేద లేదు. కప్తాన్ మంచం మీద నిద్ర లేచాడు. బావి అంతా కలట!

"బేకార్ పుస్తకం సార్" అన్నాడు బ్రహ్మచారి.

మేష్టారు గొడుగు ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. "అంత మాటనకండి. బొమ్మలు... బొమ్మలు బాగానే ఉన్నాయి" అన్నాడు. అనసూయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సార్, నాకు చెయ్యి పడ్డది గని చెవులు పడలే. కట్ట దిగితె మా ఆమె బజారంత ఇనబడేటట్టు ఒర్లుతది. అన్ని దినాలు ఒక్కపారి సుత ఒర్లలే. బుక్ యాడికెళ్లొస్తది?"

"మరి తెలిసీ ఎందుకు విన్నారండీ?"

"మంచిగుండె, ఇన్న. గా జాలరి పిల్ల ఏమైందో చెప్పున్రి. ఏమే, గంజొద్దు, అన్నం పెట్టు."

నచ్చిందన్న మాట విని ఆర్థర్ మేష్టారు అలవాటుగా నుదురు కొట్టుకోబోయి ఆగాడు. అనసూయమ్మ కంచం తెచ్చేసరికి మంచం పట్టె పట్టుకుని, చెవులు ఎర్రబడిపోయి, జాలరి పిల్ల కథ అందుకున్నాడు.