పుట్టీ కింద పగులు

ఎనిమిదేళ్లుగా నేను మోస్తున్నది ఒక పగులు. వెంట్రుకంత సన్నం. దాని బరువుకు నా మెడ వంగిపోయింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను మెకానిక్‌ని. ఇందుకూరుపేట దగ్గర నా షెడ్డు. రొయ్యల చెరువుల ఇంజన్లు బాగుచేస్తాను. నా స్నేహితుడు రమణయ్యకు అలాంటి చెరువొకటుంది, దాంతోపాటు కారు పందేల పిచ్చి. పాత ఇంజను, జీపు గేరుబాక్సు కలిపి ఇద్దరం రెండేళ్లు కష్టపడి రేసు కారు తయారుచేశాం. పందెం వేగంలో క్లచ్ పగిలితే ముక్కలెగిరి కాళ్లు తీసేస్తాయి. అందుకని దానిచుట్టూ బెల్ హౌసింగ్ అనే మందపాటి ఉక్కు తొడుగు బిగిస్తారు. రమణయ్య దాన్ని చెన్నై నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

బిగించే రోజు వాడు మేత చల్లడానికి చెరువుకు పోయాడు. నేనొక్కడినే కప్పీతో ఎత్తుతున్నాను. కొక్కెం సరిగ్గా వేయలేదు. హౌసింగ్ గచ్చు మీద పడి, అంచు అతుకు దగ్గర పగిలింది.

వాడొచ్చాక చెప్పి ఉంటే ఏమయ్యేది? ఇంకొకటి తెచ్చుకునేవాళ్లం, అంతే కదా? కానీ నా చెయ్యి జారదని ఊరంతా డప్పు కొట్టుకున్నవాణ్ణి, ఆ చెయ్యే జారిందని ఏ ముఖంతో చెప్పను అనుకున్నాను. సొట్టలు పూడ్చే పుట్టీ పగులులో కూరి, నున్నగా రుద్ది, నల్ల పెయింట్ కొట్టాను.

రమణయ్య వచ్చి దాన్ని నిమిరాడు.

"గట్టిదేగదన్నా?"

"నీ కాళ్లకు నేను పూచీ, పోరా," అన్నాను.

మొదటి పరుగులోనే, సముద్రం పక్క మట్టిరోడ్డు మీద, మూడో గేరు వేస్తుండగా క్లచ్ పగిలింది. ముక్క ఆ అతుకులోంచే వచ్చింది. వాడి ఎడమ పాదం సగం పోయింది.

"గేరు నేనే తప్పేసినానన్నా, నీ కష్టమంతా నాశనం చేసినాను," అన్నాడు ఆస్పత్రి మంచం మీద. నేను కాదనలేదు. ఛీ, తల కూడా ఊపాను.

ఆ తర్వాత వాడికి ముఖం చాటేశాను. షెడ్డుకు రోజూ పదిమంది వస్తారు, పోతారు, మనసు విప్పి మాట్లాడడానికి ఒక్కరూ లేరు. ఉన్న ఒక్కడినీ నేనే దూరం చేసుకున్నాను. ప్రతి రంజానుకూ నాకు ముబారక్ చెప్పడానికి ఫోన్ చేస్తాడు. "ఇంకా నా మీద కోపమేనా అన్నా?" అంటాడు. పాదం పోగొట్టుకున్నవాడు నన్ను బతిమాలుతున్నాడు!

ఈ ఉదయం ఆ హౌసింగ్‌ను బల్ల కింద నుంచి లాగి, మిగిలిన పుట్టీ అంతా గీకేశాను. పగులు బయటపడింది. వాడు క్షమిస్తాడా? ఎందుకు క్షమించాలి? ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

రమణయ్యా, ఆ రోజు గేరు నువ్వు సరిగ్గానే వేసినావు.