నాన్న కన్ను పండకముందే నేనిచ్చిన రాజీనామా

మనిషన్నాక జీవితంలో ఒక్క వెధవ పనైనా చేస్తాడు. నేను చేసినదానికి మేళతాళాలు ఒక్కటే తక్కువ. పూలదండ ఉంది, ఉపన్యాసం ఉంది, చప్పట్లున్నాయి, మైసూరుపాకు కూడా ఉంది. ఇన్ని హంగులతో తన కొంప తానే ముంచుకున్నవాడు మదనపల్లెలో నాకు ముందు లేడు, నా తర్వాత పుట్టడు. సావకాశంగా కూర్చోండి, చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

డెబ్బైల చివర్లో సంగతి, ఇంకా నిండా పదేళ్లు కాలేదు. మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే దారిలో ఒక నూలు మిల్లులో పనిచేసేవాణ్ణి. లోపల దూది దుమ్ము ఎలా ఉండేదంటే, షిఫ్టు దిగి ఇంటికొస్తే మా ఆవిడ సుశీల నన్ను గుమ్మంలోనే నిలబెట్టి చీపురుతో దులిపేది. దానితోపాటు దగ్గు ఉచితం. ఆ దగ్గుకు మందు కూడా ఉచితమే! జీతంలో కొంత పట్టుకుని మిల్లువాళ్లు మాకు వైద్య బీమా చేయించి, మనిషికో ఎర్ర అట్ట కార్డు ఇచ్చారు. అది చూపిస్తే ఇంటిల్లిపాదికీ డాక్టరు, మందులు, ఆపరేషను. మేము దాన్ని 'ఎర్రట్ట' అనేవాళ్లం. మా వీధిలో పిల్లనిచ్చేవాళ్లు కూడా అబ్బాయికి పొలముందా అని అడగడం మానేసి, ఎర్రట్ట ఉందా అని అడిగేవారు. రోగమూ మిల్లుదే, మందూ మిల్లుదే. ఊపిరితిత్తులు మాత్రం మావి.

నాకు ఆ మిల్లంటే అసహ్యం. అయినా వదల్లేకపోవడానికి కారణం మా నాన్న కన్ను.

నాన్న పేరు చెంగప్ప. పట్టుచీరలు నేసేవాడు. రెండు కళ్లకూ శుక్లాలొచ్చాయి. ఒక పెళ్లిచీరకు సగం అంచు ఆకుపచ్చ, సగం అంచు నీలం నేశాడు. చీర నేయించుకున్నవాళ్లు వచ్చి చూపిస్తే, దాన్ని చేత్తో తడిమి, మగ్గం దిగాడు. మళ్లీ ఎక్కలేదు. రోజంతా అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ల అడుగుల చప్పుడు విని పేర్లు చెప్పేవాడు.

ఎర్రట్ట పట్టుకుని ఆయన్ను పుంగనూరులో బీమావాళ్లు కుదిర్చిన కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోయేవాణ్ణి. శుక్లం ముదిరి తెల్లబడేదాకా కత్తి పెట్టరు. "కుడి కన్ను ముందు చేద్దాం, కానీ ఇంకా పండలేదు. పండాక రండి" అనేవాడు డాక్టరు. బస్సెక్కడం, పండలేదనిపించుకోవడం, బస్సెక్కడం. ఇదీ మా తీర్థయాత్ర.

ఇంతలో కుప్పం నుంచి మా అక్క మొగుడు గోవిందప్ప బావ దిగాడు.

"బామ్మర్దీ, ఎన్నాళ్లని ఆ దూది మింగతావు? కుప్పంలో స్టేషన్ కాడ అంగడి సూసినాను. టమోటా, బీన్సు రైలెక్కించేది, బెంగుళూరులో దించేది. సగం నీది, సగం నాది."

"నాయన కన్ను పండాల బావా. ఆపరేషను కాంగానే వస్తా."

"పండేది ఎప్పుడు?"

"అది కన్ను బావా. గడ్డి కప్పి మాగబెట్టేకి టమోటా అనుకున్నావా?"

"సరేలే. ఆషాఢం వస్తాండాది. ఆషాఢంలో అంగడి తెరిస్తే దివాలానే. ఈ నెలాఖరు శుక్రవారం దాటితే మళ్లా శ్రావణం దాకా ముహూర్తం లేదు. అన్నాళ్లు అంగడి ఇచ్చేటోడు ఆగడు. నువ్వు రాకుంటే సదుంలో ఒకడు అడగతాండాడు, వాణ్ణి కలుపుకుంటా."

ఆ వారమే పుంగనూరు వెళ్తే డాక్టరు నాన్న కన్ను చూసి, "ఆ, తయారవుతోంది. వచ్చే నెల చేసేద్దాం" అన్నాడు. నాన్న ఆయన చేతులు వెతికి పట్టుకుని దండం పెట్టాడు.

లెక్క గమనించండి. ముహూర్తం ఈ నెల, ఆపరేషను వచ్చే నెల. బుర్ర ఉన్నవాడెవడైనా రెండింట్లో ఒకటి ఎంచుకుంటాడు. నేను రెండూ ఎంచుకున్నాను.

"ఏమయ్యా, పని వదిలేస్తే ఎర్రట్ట పనికొస్తాదా?" అంది సుశీల.

"యాల రాదు? మా తాత సచ్చిపోయి ఎన్నేండ్లయింది? రేషను కార్డులో ఆయన వంతు సక్కెర ఇంకా వస్తానే ఉండాది కదా?"

"వస్తాండాది."

"సచ్చినోడికే సక్కెర ఇస్తాండారు. బతికినోడికి మందియ్యరా?"

"ఎందుకైనా మంచిది, మిల్లులో ఒక మాట అడిగి సూడు."

"అడిగితేనే తంటా. లేని అనుమానం మనమే పుట్టించినట్టయితాది."

చూశారా? కార్డనేది ఒకసారి చేతికొస్తే యముడు కూడా వెనక్కి తీసుకోలేడని మా వీధిలో అందరికీ తెలుసు. ఆ జ్ఞానంతోనే నేను రాజీనామా రాశాను.

ఇచ్చి ఊరికే వచ్చేసినా సరిపోయేది. అబ్బే! నా డబ్బుతో నేనే మైసూరుపాకు తెప్పించాను. తోటివాళ్లు దండ వేశారు. దండ మెడలో పడేసరికి నోరు ఊరుకుంటుందా? గేటు పక్కన పత్తిబేలు మీదికెక్కి గొంతెత్తాను.

"అన్నల్లారా! ఈ మిల్లులో పత్తికుండే విలువ మనిషికి లేదు! పత్తి తడస్తే మేనేజరు గొడుగెత్తుకుని పరిగెత్తుతాడు. మనిషి తడస్తే జీతం కోస్తాడు! నేను పోతాండాను. ఇంక జన్మలో ఈ గేటు తొక్కను!"

చప్పట్లు మిన్నంటాయి. మా పెద్ద మేస్త్రీ రెడ్డెప్ప మాత్రం మైసూరుపాకు నములుతూ దగ్గరకొచ్చాడు.

"బాగా సెప్పినావప్పా. మరి మీ నాయన కన్ను?"

నేను జేబు తట్టి చూపించాను. "ఎర్రట్ట ఈడనే ఉండాదిలే."

ఏరు దాటాక బోడి మల్లన్న అనడం లోకరీతి. నేను ఏటి నడుమ, పడవలో నిలబడి బోడి మల్లన్న అన్నాను.

కుప్పంలో అంగడి తెరిచాం. నాన్నతోనే టెంకాయ కొట్టించాను. ఆయన బుట్టలో చేయిపెట్టి ఒక్కొక్క టమోటా తడిమి చూశాడు. "సరుకు బాగుండాదిరా. కన్నొస్తానే రంగు కూడా సూస్తా" అన్నాడు.

వచ్చే నెల రానే వచ్చింది. ఆపరేషనుకని నాన్న పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. పుంగనూరు ఆసుపత్రి కౌంటరులో ఖాదర్ సాబ్ అనే గుమాస్తా ఉండేవాడు. ఎర్రట్ట దర్జాగా ఆయన ముందు పెట్టాను. ఆయన మామూలుగా మిల్లుకు ఫోను చేశాడు. విని, ఫోను పెట్టేసి, నా ముఖంలోకి చూశాడు.

"పని వదిలేసినావా భాయ్?"

"వదిలేసినా. కార్డు ఉండాది కదా?"

"అరె, కార్డు నీది కాదప్పా. పనిది. పని పోతే ఇది ఉత్త అట్టముక్క."

"రేషను కార్డులో మా తాత సక్కెర ఇంకా వస్తాండాది సాబ్!"

"అయితే మీ తాత కార్డు మీదనే ఆపరేషను సేయించుకో."

వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. సొంతంగా చేయిద్దామంటే చేతిలో ఉన్నదంతా అంగడిలో పోశాను. అక్కడ టమోటాలున్నాయి, డబ్బు లేదు. బెంచీ మీద నాన్న ఖాళీ కడుపుతో కూర్చుని నా అడుగుల చప్పుడు విన్నాడు.

"ఏమైందిరా? లోపలికి రమ్మన్నారా?"

"డాక్టరు ఊళ్లో లేడు నాయనా" అన్నాను. పక్కగదిలో డాక్టరు గొంతు గట్టిగా వినిపిస్తూనే ఉంది. నాన్న "అయితే కాఫీ తాగుదాం పద" అని లేచాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఈపాటికి ఆ రోజు మరిచిపోయేవాణ్ణి.

ఇక, జన్మలో తొక్కనన్న గేటు తొక్కాను. మేనేజరు కాగితాలు చూసుకుంటూ చాలాసేపు నన్ను నిలబెట్టాడు.

"ఉపన్యాసం చాలా బాగుందట?"

"తప్పైపోయింది సార్."

"తప్పేముంది? నేనే వినలేకపోయాను. ఒకసారి చెప్పు, విందాం."

చెప్పాను. ఏం చేయను? తలవంచుకుని, రెడ్డెప్ప ముందూ గుమాస్తాల ముందూ, పత్తికుండే విలువ మనిషికి లేదని ఒప్పజెప్పాను. ఆ వాక్యం ఎంత నిజమో పత్తిబేలు మీద నిలబడి చెప్పినప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

"గొడుగు మాట వదిలేశావే" అన్నాడు మేనేజరు.

అదీ చెప్పాను. అప్పుడు దయతలచి బదిలీ కూలీగా పెట్టుకున్నాడు. అంటే ఎవడైనా రాని రోజు నాకు పని. ఎర్రట్ట పర్మినెంటువాళ్లకే. పెళ్లిచేసుకున్న పెళ్లాన్ని మళ్లీ పెళ్లిచూపుల నుంచి మొదలుపెట్టినట్టయింది నా బతుకు. కుప్పం అంగడిలో నా సగం వాటా ఆ సదుం ఆయన తీసుకున్నాడు; ఇచ్చిన డబ్బు అంగడి అప్పులకే సరిపోయింది.

పర్మినెంటయి, కొత్త ఎర్రట్ట చేతికొచ్చేసరికి ఏడాది దాటిపోయింది. కొన్నాళ్లుగా నాన్న కుడికన్ను ఎర్రబడి పోటు పెడుతుంటే, దుమ్ము పడిందేమోలే అని ఆయనే గుడ్డ కట్టుకునేవాడు. డాక్టరు లైటు వేసి చూసి నా మీద కేకలేశాడు.

"ఇన్నాళ్లు ఏం చేశారు? శుక్లం పండి, ముదిరి, కన్నే చెడిపోయింది. దీనికి చూపు రాదు. ఎడమదైనా దక్కించుకుందాం."

పండనంతకాలం నేను ఆగలేకపోయాను. పండాక అది నాకోసం ఆగలేదు. ఆ రోజు నామీద నాకొచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. మిల్లు మీద కోపం అంతకంటే ఎక్కువ. మా నాన్న కన్ను వాళ్ల హాజరుపట్టీలో ఎందుకుండాలో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఎడమకన్ను ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పి, సోడాబుడ్డి అద్దాలు పెట్టారు. నాన్న అమ్మను చూశాడు, సుశీలను చూశాడు. తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా నింపాదిగా చూశాడు.

"ఏం నాయనా, కనిపిస్తాండానా?" అన్నాను.

"బేలు మీదికెక్కి మిల్లంతా అదరగొట్టినావని రెడ్డెప్ప సెప్పె. ఎంత పెద్దోడివైనావో అనుకుంటిరా" అన్నాడు నాన్న. "ఇంతేనా నువ్వు?"

వార్డంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే వరండాలోకి వెళ్లి, దుమ్ము పడినట్టు కళ్లు తుడుచుకున్నాను. నాన్న మళ్లీ మగ్గం ఎక్కాడు గానీ, ఒంటికంటికి సన్నంచు అందదు. సాదా చీరలే నేస్తాడు.

కనుక ఎర్రట్ట మీద చేయిపెట్టి మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో రాజీనామా అనే మాట నా నోట రాదు. బేలు కాదు కదా, పీట కూడా ఎక్కను. ఒకవేళ పని వదలాలనిపిస్తే ముందు అమ్మ మోకాళ్లనూ, సుశీల ఉబ్బసాన్నీ, నా దగ్గునూ వరసగా కూర్చోబెట్టి అనుమతి అడుగుతాను. మోకాళ్లూ ఉబ్బసమూ వద్దంటున్నాయి. దగ్గు మాత్రం, ఆ దూదిలోంచి బయటపడరా నాయనా అని రోజూ బతిమాలుతోంది. కానీ దాని మందు కూడా ఎర్రట్ట మీదే వస్తోంది.