కాలు తగిలితే

అమెరికాలో, సన్నీవేల్ అనే ఊళ్ళో మేమున్న అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఒక బ్రెజిల్ ఆవిడ ఉండేది. ఆవిడకూ నాకూ ఇంగ్లీషు అంతంతమాత్రమే కాబట్టి బాగా కుదిరింది. ఎనభైల మొదట్లో, మా ఆయన కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీకి వెళ్ళాక, తన వంటింట్లో నాకు ఫొహో నేర్పింది. వాళ్ళ ఊళ్ళలో ఆడా మగా ఒకరినొకరు పట్టుకుని పాటకు ఆడే డాన్సు అది. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. పుస్తకంతో పని లేదు. నాకు అక్షరాలు వచ్చింది ఆ తరవాత చాలా ఏళ్ళకు గనక, అదే నాకు నచ్చింది.

దగ్గర్లోని కమ్యూనిటీ హాల్లో శనివారం సాయంత్రాలు ఆవిడ క్లాసు పెట్టింది. ఎవరూ రాలేదు. పులిహోర ఆశ చూపించి మా తెలుగువాళ్ళను మూడు జంటలను పోగుచేశాను. మా ఆయన్ని ఆశ చూపించకుండానే లాక్కొచ్చాను. ఆవిడ చేసి చూపించేది, నేను తెలుగులో చెప్పేదాన్ని.

పట్టుకోవడం దగ్గరే మొదటి చిక్కు. పిల్లల తండ్రులు కూడా నలుగురిలో భార్య నడుం మీద చెయ్యి వేయమంటే, కాలిన పెనాన్ని ముట్టుకున్నట్టు వేలికొసలు ఆనించేవాళ్ళు.

"అన్నయ్యగారూ, ఆవిడ మీ భార్యే," అన్నాను ఒకాయనతో.

"తెలుసమ్మా. అందుకే భయం."

రెండో చిక్కు కాళ్ళది. కొత్తవాళ్ళు తొక్కుకోక తప్పదు. భర్తకు కాలు తగలగానే మా ఆడవాళ్ళు పట్టు వదిలేసి, ఆయన్ని తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. వద్దని చెప్పేదాన్ని నేనే, అయినా నా చేతులే నా మాట వినేవి కావు. పాట ముందుకు పోయేది, మేం వెనకబడేవాళ్ళం. మగవాళ్ళు మా కాళ్ళు తొక్కినప్పుడు మాత్రం ఆట ఆగేది కాదు.

ఇంతలో హాలు మేనేజరు వచ్చే శనివారం చూడటానికి వస్తానన్నాడు. ఒక్క పాటైనా మధ్యలో ఆగకుండా ఆడలేకపోతే ఆ శనివారం సాయంత్రాలను ఏరోబిక్స్ వాళ్ళకు ఇచ్చేస్తాడట. ఆవిడకు వేరే చోటు లేదు. హాలు పోతే ఆ కాస్త డాన్సూ పోయి, పొద్దస్తమానం పరాయి ఇళ్ళు తుడవడమే మిగులుతుంది.

మేం ఎందుకు ఆగిపోతున్నామని ఆవిడ అడిగింది. చెప్పాను.

"మరి ఇతను ఎందుకు చెయ్యడు?" అని మా ఆయన్ని చూపించింది. సంతోషంగా తెలుగులోకి మార్చాను.

"నువ్వు పెళ్ళానివి కదే," అన్నాడాయన.

అది నేను మార్చి చెప్పలేదు. ఆవిడకు అర్థమైపోయింది. కాసేపు ఆలోచించి, ఆపలేనిదాన్ని ఆటలోనే కలిపేయమంది. ఎవరు తొక్కితే వాళ్ళు, ఆడైనా మగైనా, ఒక చేత్తో తాకి కళ్ళకద్దుకుని, తాళం తప్పకుండా మళ్ళీ పట్టుకోవాలి.

"పెళ్ళాం కాలు తొక్కి కళ్ళకద్దుకోవడమా? మా అమ్మకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా," అన్నాడు భయమున్న అన్నయ్యగారు.

"ఆవిడ హాలు పోతుందండీ. దాంతోపాటు పులిహోరా పోతుంది," అన్నాను.

శనివారం మేనేజరు చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆవిడ టేప్ రికార్డరు నొక్కి, దాని పక్కనే ఉండిపోయింది. పాట సగంలో మా ఆయన బూటు నా వేళ్ళమీద పడింది. ఆయన నన్ను చూశాడు, మేనేజర్ని చూశాడు, ఆవిడ ముఖం చూశాడు. నా వీపు మీది చెయ్యి తీసి, భుజం తాకి, కళ్ళకద్దుకున్నాడు. చెయ్యి తిరిగి తన చోటికి వచ్చింది. అడుగు తప్పలేదు. అది చూసి మిగతా మగవాళ్ళకూ ధైర్యమొచ్చింది. పాట అయిపోయేదాకా ఎవరూ ఆగలేదు.

"ఆ కళ్ళకద్దుకోవడం చాలా బాగుంది. బ్రెజిల్‌దేనా?" అన్నాడు మేనేజరు.

"అవును," అంది ఆవిడ, నా వైపు చూడకుండా.

హాలు ఆవిడకే ఉండిపోయింది. తరవాత చేరిన అమెరికా వాళ్ళు కూడా, కాలు తగిలితే చాలు, శ్రద్ధగా కళ్ళకద్దుకునేవాళ్ళు.

ఆ రోజు కారెక్కుతూ మా ఆయన, "ఆవిడ కోసం చేశాను. ఇంట్లో ఆశలు పెట్టుకోకు," అన్నాడు.

మర్నాడు పొయ్యి దగ్గర ఆయన కాలు నా కాలికి తగిలింది.

"ఇక్కడ పాట లేదుగా," అన్నాడు.

గరిటె పక్కన పెట్టి, వెళ్ళి ఆవిడిచ్చిన క్యాసెట్ వేసి మా టేప్ రికార్డరు నొక్కాను.