చెంపకు ఆనించి చూసే ఊలు

నిన్న బ్రాడీపేటలో అమ్మకు టోపీ అల్లడానికి ఊలు కొనబోయాను. మందులకు అమ్మ జుట్టంతా రాలిపోయింది. ఒట్టి ఊలు ఆ తలకు గుచ్చుకుంటుంది, ఒట్టి సిల్కు జారిపోతుంది. అందుకే సిల్కు కలిసినది అడిగాను. ఉండ తీసి చెంపకు ఆనించుకుంటే కొట్టతను నవ్వాడు. "చేత్తో పట్టుకుంటే తెలీదా మేడమ్?"

మాలా మిరపకాయల మధ్య పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తొడిమలు తీసే రోజుల్లో అమ్మల అరచేతులు ఎలా మండేవో! మా అమ్మ వాటిని మజ్జిగలో ముంచి, కొబ్బరినూనె రాసుకుని, పసివాడైన తమ్ముడికి స్వెట్టర్ అల్లింది. తొడిగిన కాసేపటికే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. మెడంతా కందిపోయింది.

"ఊలు కాదే పిచ్చిమొహమా, నీ చేతుల కారం!" అంటూ నాయనమ్మ స్వెట్టర్ లాగేసింది.

ఆ తర్వాత కాయల కాలంలో అమ్మ ఊలు ముట్టలేదు. ఊరి నుంచి బస్సులో వచ్చి, కొట్లో నన్ను ముందుకు తోసి, ఉండను నా చెంపకు ఆనించుకోమనేది. "గుచ్చుకుంటందా అమ్మాయ్? నిజం చెప్పు." నేను మెత్తగా ఉందంటేనే కొనేది.

సాయంత్రం ఆస్పత్రిలో, కొన్న ఉండను అమ్మ చెంపకు ఆనించాను.

"గుచ్చుకుంటోందా అమ్మా?"

అమ్మ కళ్లు తెరవలేదు. "నాకేం తెలీట్లేదే. నువ్వే చూసి చెప్పు."

"మెత్తగానే ఉందమ్మా."

"అయితే తీసుకో. తొందరగా రా, బస్సు ఎళ్లిపోద్ది."