గోల్‌కీపర్‌కు ఇవ్వని బూట్లు

పదకొండేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాట కాదు. నలుగురిలో అడిగినప్పుడు నిజం చెప్పి ఉంటే ఆ పూటతో తీరిపోయేది. నేను చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవారి ముందు నోరు పెగలక, మీకు చెబుతున్నాను.

జమ్మికుంట పత్తి మార్కెట్లో తూకం రాసే గుమాస్తాను. కాంటా ముల్లు కదలకుండా నిలిచేదాకా అంకె వేయను. ఇంటికి వెళ్లాక ఆ రోజు వచ్చిన పత్తి ఎంతో, వాన పడిందో లేదో డైరీలో రాసుకుంటాను. ఇంత కచ్చితమైన మనిషినని మా ఫుట్‌బాల్ క్లబ్బుకు నన్ను కార్యదర్శిని చేశారు. క్లబ్బంటే రెండు బంతులు, ఒక వల, సీజన్ ముగిశాక ఖాళీ అయ్యే మార్కెట్ యార్డు. చూసేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

పదకొండేళ్ల కిందట ఆదిలాబాద్ టోర్నమెంటులో ఫైనల్‌కు చేరాం. బూట్ల కోసమని ఊరు చందాలిచ్చింది. అందరికీ సరిపోయేంత వచ్చింది. అప్పుడు చాయ్ హోటల్ రాజన్న పదిమందిని వెంటేసుకుని నా కాంటా దగ్గరికి వచ్చాడు. మా క్లబ్బు అభిమానుల్లో అతని గొంతే పెద్దది.

"అవతలోళ్లు గింత పెద్ద ఫ్లెక్సీ కట్టిండ్రట సార్. మనం ఉత్త చేతులతోని పోతే ఇజ్జత్ ఉంటదా?"

కాదనలేకపోయాను. కాదనలేకపోయానా, కాదనడం ఇష్టం లేకపోయిందా? ఆటగాళ్ల పక్కన నా ఫొటో కూడా వేయిస్తామని రాజన్న అప్పటికే అన్నాడు. బూట్ల డబ్బులోంచే ఫ్లెక్సీ కొట్టించాను. ఒక జత బూట్లు తగ్గాయి. గోల్‌కీపర్ పెద్దగా పరుగెత్తడు కదా, అతనికి లేకపోయినా నడుస్తుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

గోల్‌కీపర్ సమ్మయ్య మా యార్డు హమాలీ. లారీ మీది నుంచి విసిరిన మూటను గాలిలోనే అందుకునేవాడు. అది చూసే అతన్ని గోల్ ముందు నిలబెట్టాం. గోల్‌కీపర్‌కు పరుగు లేదు కదా అని అతనితోనూ అంటే, అడుగు అరిగిన తన కాన్వాస్ బూట్లను తిప్పి చూపిస్తూ నవ్వాడు.

"ఉరుకుడు అల్కనే సార్. నిలవడుడే కష్టం."

"ఈ ఒక్కసారి సర్దుకో సమ్మయ్యా" అన్నాను. సర్దుకున్నాడు.

ఫైనల్‌కు ముందు రాత్రి ఆదిలాబాద్‌లో వాన కురిసింది. నల్లరేగడి మైదానం. చివరిదాకా ఎవరికీ గోల్ లేదు. చివర్లో ఒక బంతి, చూస్తున్నవాడు ఎవడైనా ఆపగలిగేంత మెల్లగా, నేల మీద దొర్లుతూ వచ్చింది. సమ్మయ్య పక్కకు అడుగేశాడు. కాలు జారింది. బంతి అతని వేళ్ల పక్క నుంచే వెళ్లిపోయింది.

మావాళ్లు గోల్‌పోస్టు వెనకే అతన్ని చుట్టుముట్టారు.

"చేతులకు నూనె రాసుకొని వచ్చినవా? ఎంతకు అమ్ముడువోయినవ్‌రా?" అన్నాడు రాజన్న.

"కాలు జారిందే అన్నా. నాకు బూట్లియ్యలే. సార్‌నే అడుగుండ్రి."

అందరూ నావైపు తిరిగారు. వాళ్ల వెనక ఫ్లెక్సీ, దాని మీద నేను నవ్వుతూ ఉన్నాను.

"అందరికీ ఇచ్చినం. పాతవే వేసుకునుడు ఆయనకు అలవాటు" అన్నాను.

సమ్మయ్య చేతుల బురద లాగుకు తుడుచుకున్నాడు. ఒక్క మాటతో నన్ను అబద్ధీకుణ్ణి చేయగలిగేవాడు. చేయలేదు.

"అవు సార్. నాకే అలవాటు" అన్నాడు.

ఎందుకలా అన్నాడు? యార్డులో అతని కూలి లెక్క కూడా నేనే రాస్తాననా? నా మీద గౌరవమా? గౌరవమే అని కొన్నేళ్లు నమ్మాను, అలా నమ్మితే నిద్ర పట్టేది కనుక. తిరుగు ప్రయాణానికి ముందు రాజన్నవాళ్లు ఫ్లెక్సీలో సమ్మయ్య ముఖాన్ని బ్లేడుతో కోసేశారు. పక్కనే నిలబడి చూశాను. నా ముఖానికి గీత కూడా పడలేదు.

మరుసటి సీజన్‌లో ఆ ఫ్లెక్సీని యార్డులో పత్తి కుప్ప మీద కప్పారు. వాన మొదలైతే, ముఖం పోయిన చోట నీళ్లు దిగకుండా సమ్మయ్యే ఒక గోనె తెచ్చి పరిచాడు. అతను మళ్లీ బంతి ముట్టలేదు. ఇప్పటికీ యార్డులో పిల్లలు ఆడుతుంటారు. గోల్ వదిలేసినవాణ్ణి "సమ్మయ్యా!" అని వెక్కిరిస్తారు. ఆ పేరు ఎవరిదో వాళ్లకు తెలియదు. నిన్న వాళ్లలా అరిచినప్పుడు, మూట ఎత్తుతున్న సమ్మయ్య తనను పిలిచారనుకుని వెనక్కి తిరిగాడు. నేను తల దించుకుని అంకె రాసుకున్నాను. ఆ అంకె తప్పు పడింది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలోనిది కాదు. అతన్ని అడిగే ముఖం నాకు ఇంకా లేదు. ఆ రోజు గోల్‌పోస్టు వెనక నన్నడిగినదానికి మాత్రం జవాబు చెబుతున్నాను. సమ్మయ్యకు బూట్లు ఇవ్వలేదు. ఇవ్వనిది నేను.