ఎర్ర గింజల మామయ్య

మామయ్యకు ఒకటే పిచ్చి. లోకంలో ఏ సంగతినైనా వెలుగు గింజల్లోకి దించందే వదిలేవాడు కాదు. పుస్తకాల్లో వాటిని ఫోటాన్లంటారు, ఆయనకు మాత్రం గింజలే.

"వెలుగు ధారగా రాదమ్మాయ్, గింజలు గింజలుగా వస్తుంది. ఎర్ర గింజకు సత్తువ తక్కువ, నీలం గింజకు ఎక్కువ. మన ఫొటో కాగితం నల్లబడాలంటే ఒక్క గింజలోనే సరిపడా సత్తువ ఉండాలి. ఎర్రవి కోటి వచ్చినా చందాలు వేసుకుని ఆ పని చెయ్యలేవు."

పాత పద్ధతిలో మామయ్య ఫొటోలు కడిగే చీకటిగదిలో పనికి చేరిన రోజు మేనకోడలు విన్న మొదటి పాఠం ఇది. రెండోరోజూ ఇదే విన్నది. మూడోరోజు నుంచి లెక్కపెట్టడం మానేసింది.

ఇంట్లోనూ ఇదే గోల. జుట్టు కత్తిరించుకోమని అత్తయ్య నెలరోజులు మెత్తగా చెప్పినా చలించని మనిషి, ఆమె చెల్లెలు ఒక్కమాట అనగానే సెలూన్‌కి పరుగెత్తాడు. ఇదేం న్యాయమని అత్తయ్య నిలదీస్తే, నీవి ఎర్ర గింజలు, ఎన్ని పడితే ఏం అన్నాడట. ఆ పూట అన్నం తనే వడ్డించుకున్నాడు.

అయినా ఆ గదంటే మేనకోడలికి ప్రాణం. ఎర్రదీపం కింద తన చేతులే తనవి కానట్టుండేవి. తొట్టిలోని మందులో తెల్లకాగితం మెల్లగా ఊగుతుంటే ముందు ఒక కనుబొమ్మ, తర్వాత ఒక చిరునవ్వు నిద్రలోంచి లేచినట్టు పైకి తేలేవి. అవి చూస్తూ, భర్త ఉద్యోగం పోయిన సంగతి కూడా కాసేపు మరిచిపోయేది.

ఆ మరుపే కొంప ముంచింది. ఒక మధ్యాహ్నం ప్రింటు కోసం బల్ల మీద కాగితాలన్నీ పరిచి, కలలో ఉన్నట్టే, టైమెంతయిందోనని జేబులోంచి ఫోన్ తీసింది. తెల్లటి వెలుగు బల్లంతా పరుచుకుంది. ఆ తెలుపులో నీలం గింజలు ఉంటాయని నిద్రలో లేపి అడిగినా ఆమె చెప్పగలదు. మందులో వేసిన కాగితమల్లా బొగ్గులా నల్లబడింది. ఆ రకం కాగితం ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. ఇంకో పొరపాటు జరిగితే ఇంటికి పంపేస్తానని యజమానురాలు వారం కిందటే మేనకోడలిని హెచ్చరించింది కూడా.

యజమానురాలు వచ్చి, ఇది ఎవరి నిర్వాకమని అడిగింది. మేనకోడలు నోరు తెరిచేలోగా మామయ్య ముందుకొచ్చాడు.

"నాదేనండీ తప్పు. ఎర్రదీపం కింద ఎక్కువసేపు ఉంచేశాను."

యజమానురాలు ఆయన్ని వింతగా చూసింది. ఇరవయ్యేళ్ళుగా ఆ పాఠం ఆమె కూడా వింటూనే ఉంది.

"కోటి ఎర్ర గింజలు పడ్డా ఏమీ కాదని మీరే కదా మాస్టారూ చెప్పారు?"

మామయ్య గుటక మింగాడు. ఆ గుటకతో ఇరవయ్యేళ్ళ శాస్త్రం లోపలికి పోయింది.

"తప్పు చెప్పానండీ. అవి కూడా చందాలు వేసుకుంటాయని ఇవాళే తెలిసింది."

ఆమె ఆయన్నీ, మేనకోడలి జేబునీ మార్చి మార్చి చూసింది. బీరువాలో పాతపెట్టె ఒకటి మిగిలిందని, ఈసారి దాన్ని జాగ్రత్తగా వాడమని చెప్పి, నవ్వు దాచుకుంటూ వెళ్ళిపోయింది.

తన కోసం అంత మాట ఎందుకన్నావని మేనకోడలు అడగబోయింది. మామయ్య చెయ్యెత్తి ఆపి, తలపైనున్న ఎర్రదీపం వైపు తిరిగాడు.

"ఉండమ్మాయ్, ముందు దానికి క్షమాపణ చెప్పుకోనీ."