సరిపోయినాదా అబ్బయా?

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, మా తమ్ముడి కోడలు ఫోను పట్టుకుని వచ్చి, "పెదమామయ్యా, మీ అక్క పాటలు ఫోన్లోకి వచ్చేసినాయి, వినండి" అని నా చెవి దగ్గర పెట్టింది. అక్క అంటే నాకు తోడబుట్టిన అక్క కాదు. క్యాసెట్ల రోజుల్లో ఒకే ఒక్క క్యాసెట్టు పాడి, ఆ తరువాత ఏమైపోయిందో ఎవరికీ తెలియకుండా పోయి, పోయినేడు మద్రాసులో కన్నుమూసిన ఒక పాటగత్తె. నేను పనిచేసిన బస్సులో ఎక్కిన జనం ఆమెను క్యాసెట్టు అక్క అనేవాళ్లు కనుక నాకూ అక్కే అయింది. ఆమె పాటల గురించి నేను ముప్ఫయ్యేళ్లకు పైబడి రాస్తున్నాను, చదివేవాళ్లు ఉన్నారా లేరా అని చూసుకోకుండా రాస్తున్నాను, ఈ వారం కూడా రాశాను.

పాటలన్నీ వరసగా విన్నాను. శుభ్రం చేశారట. పాత టేపుల మీది చెత్తంతా తీసేసి అద్దంలా తుడిచి ఇస్తున్నామని ఆ కంపెనీవాళ్లే గొప్పగా రాసుకున్నారు. తుడిచారు, నిజమే. చివరి పాట చివర, వాద్యాలన్నీ ఆగిపోయి, గొంతు కూడా ఆగిపోయి, ఒకటి రెండు ఊపిర్లు తీసుకునేంత నిశ్శబ్దం తరువాత, మైకు ఇంకా తెరిచే ఉందన్న సంగతి మరిచిపోయి, రికార్డు చేస్తున్న మనిషిని ఆమె మామూలు గొంతుతో అడిగిన మాట ఒకటుండేది. "సరిపోయినాదా అబ్బయా?" అంతే. ఆ మాట ఇప్పుడు లేదు. చెత్తలో కలిపి ఊడ్చేశారు.

ఇంత చిన్న మాటకి ఇంత గోల ఎందుకని మీలో కొందరైనా అనుకుంటారు. ఆమె పోయినప్పుడు పేపర్లో వేసిన నాలుగు వాక్యాల్లో, మద్రాసులోనే పుట్టిందని, తెలుగు పాఠం చెప్పించుకుని నేర్చుకుందని రాశారు. పాటల్లో భాష అచ్చు పుస్తకాల భాష కనుక అదే నిజమని అందరూ నమ్మారు. నేను నమ్మను. పాఠం చెప్పించుకుని తెలుగు నేర్చుకున్న మనిషి, పాట అయిపోయి ఒళ్లు మరిచిన క్షణంలో, అబ్బయా అంటుందా? ఆ పిలుపు గూడూరుకీ సముద్రానికీ మధ్య ఎక్కడో ఒక ఇంట్లో, ఒక అమ్మ ఒళ్లో తప్ప వస్తుందా? ఆమె మన మనిషి. నేను ఇన్నేళ్లూ రాసినదంతా ఆ రెండు మాటల మీద నిలబెట్టుకున్నాను. ఆ రెండు మాటలూ లేవంటే నేను రాసిందంతా ఒక ముసలాడి పిచ్చి.

ఆ రోజుల్లో నేను నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు దాకా పోయే ప్రైవేటు బస్సులో కండక్టరుగా ఉండేవాణ్ణి. బడిలో చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా బొరుగులు పొట్లం కట్టిన కాగితాల్లోనూ, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య గ్రంథాలయంలో దొరికిన బల్ల మీదా చదువుకున్నదే. మా డ్రైవరన్నది వెంకటాచలం అనే ఊరి దగ్గరి పల్లె, ఆదివారం చర్చిలో కీర్తనలకు హార్మోనియం వాయించేవాడు, చెవి ఉన్నవాడు. ఒకసారి బిడ్డ వైద్యానికి మద్రాసు పోయి వస్తూ, అక్కడ పేవ్‌మెంటు మీద కుప్పగా పోసిన క్యాసెట్లలోంచి, అట్ట మీద పాడినామె మొహానికి బదులు బావి గిలక బొమ్మ ఉందని ముచ్చటపడి, ఒకటి ఏరుకొచ్చి బస్సులో పెట్టాడు.

అలాంటి పాటలు అంతకుముందు మేము విని ఎరగం. మొదటి పాటకి తాళం వేసింది మృదంగం కాదు, తబలా కాదు, నూనె లేని గిలక. కీచు కీచుమని గిలక తిరుగుతుంటే ఆమె చేద లాగుతూ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు పాడుతుంది. ఒకసారి చేదలో నీళ్లొస్తాయి, ఒకసారి బడి పలక వస్తుంది, ఒకసారి ఎవరిదో కాలి మెట్టె వస్తుంది, చివరికి ఉత్త తాడొస్తుంది. పల్లవి లేదు, చరణం లేదు, మళ్లీ మొదటికి రావడమన్నది లేదు. ఇంకో పాటలో పడవ మోటారు దూరంగా పోతున్నట్టు ఏదో కరెంటు వాయిద్యం గుడగుడమంటుంటే, ఆమె తన గొంతు మీద తన గొంతునే వరసలు వరసలుగా పేర్చుకుని, నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఒకే చాప అల్లుతున్నట్టు పాడుతుంది. చివరి పాట ఉప్పుగాలిది. కిటికీ ఊచను ఉప్పుగాలి రోజుకింత తినుకుంటూ పోతుంది, ఊచ సన్నబడేకొద్దీ పాటలో వాద్యాలు ఒక్కొక్కటే తగ్గిపోతాయి, ఆఖరికి మిగిలిన గొంతు కూడా సన్నబడి ఆగిపోతుంది. సముద్రానికి దగ్గరలో ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఆ పాట మీద వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు, మీ ఇంటి కిటికీ చూసుకుంటే చాలు.

జనం ఊరుకున్నారా? మొదటి వారమంతా నా ప్రాణం తీశారు. "ఏందబ్బయా ఇది, గిలక్కి ఇంత నూనె పొయ్యకూడదా? పళ్లు జివ్వుమంటుండాయి" అని ఒక రైతు. "సినిమా పాటెయ్యన్నా, పుణ్యముంటాది" అని కాలేజీ పిలకాయలు. డ్రైవరన్న వెనక్కి కూడా తిరగకుండా, "నా బస్సులో నా పాటే. నచ్చకపోతే దిగి నడువు, దోవంతా కప్పలు పాడతాయి నీకు" అనేవాడు. కానీ సాయంత్రం మైపాడు ట్రిప్పులో ఒక విచిత్రం జరిగింది. పొద్దున చేపలు తీసుకుని నెల్లూరు పోయిన ఆడవాళ్లు ఖాళీ గంపలతో తిరిగొచ్చే ట్రిప్పు అది. వెనక సీట్లో గంప ఒళ్లో పెట్టుకుని కునుకుతున్న ఒక పెద్దమ్మ, ఊరు చేరి బస్సు ఆగి ఇంజను ఆపిన ఆ నిశ్శబ్దంలో, టేపు డబ్బాలోంచి "సరిపోయినాదా అబ్బయా?" అన్న మాట వినపడగానే ఉలిక్కిపడి లేచి, ఎవరో తన పక్కింటామె అడిగినట్టుగా, "సరిపోలా మే, ఇంకోటి పాడు!" అంది. బస్సంతా గొల్లున నవ్వింది.

ఆ రోజు నుంచి అదొక ఆచారమైపోయింది. ఉప్పుగాలి పాట సరిగ్గా ఊరి చివర ఆగేటట్టు డ్రైవరన్న బండి నడిపేవాడు. ఒక్కోసారి మధ్యలో ఎద్దులబండి అడ్డమొచ్చి ఆలస్యమైతే పాటను ఆపి, మళ్లీ పెట్టేవాడు. ఇంజను ఆపిన తరువాత ఒక్కరు కూడా లేచేవాళ్లు కాదు. "పెద్దమ్మ జవాబు చెప్పిందాకా ఎవురూ దిగబాకండి" అని గిలక్కి నూనె పొయ్యమన్న ఆ రైతే అందరినీ కూర్చోబెట్టేవాడు. క్యాసెట్టు అక్క అడిగేది, చేపల పెద్దమ్మ చెప్పేది, అప్పుడు జనం దిగేవాళ్లు. పెద్దమ్మ ఏ దగ్గులోనో ఉండి అందుకోలేకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వేయమని గొడవ చేసేవాళ్లు. ఎన్నిసార్లు తిప్పామో లెక్కలేదు. అలా తిప్పి తిప్పి, మేము ప్రాణంగా చూసుకున్న ఆ కాస్త టేపు ముక్కే ముందు నలిగింది, ఒకనాడు తెగి చక్రంలో చుట్టుకుపోయింది. డ్రైవరన్న బ్లేడుతో నలిగినంత మేర కోసి అతికించాడు. పాటలు మిగిలాయి, అడగటం పోయింది. ఆ సాయంత్రం ఇంజను ఆపాక పెద్దమ్మ కాసేపు చూసి, "ఏమే, అలిగినావా?" అని డబ్బాని పలకరించి దిగిపోయింది.

రాయడం ఆ తరువాతే మొదలుపెట్టాను. తెగిపోయినదాన్ని మాటల్తో అతికిద్దామని కాబోలు. వారపత్రికలకు కార్డులు రాస్తే ఒక్కటీ వేయలేదు. నెల్లూరులో నలుగురు కలిసి నడిపిన ఒక చిన్న పత్రిక గిలక పాట మీద నా వ్యాసం వేసింది, ఆ పత్రిక కూడా తొందరగానే ఆగిపోయింది. సంగీతం తెలిసినవాళ్లం అనుకునే పెద్దమనుషులకు వినిపించబోతే, రాగమేమిటో చెప్పలేని పాట పాటేనా అని నవ్వారు. రాగం చెప్పలేనిది వాళ్లు, తప్పు పాటదట! ఇప్పుడు ఫోన్లో ఆమె అభిమానుల పేజీ ఒకటుంది, బెంగుళూరులోనూ హైదరాబాదులోనూ ఉండే చదువుకున్న కుర్రవాళ్లు పెట్టారు. కాలానికి ముందు పుట్టిన కళ అని ఆమెను ఈ మధ్యనే కనిపెట్టారు. అందులో నేను వారం వారం ఒక పాట గురించి రాస్తుంటాను, చూపుడువేలితో ఒక్కో అక్షరం గుచ్చుకుంటూ.

మొన్న ఆ శుభ్రం చేసిన పాటలు విన్న కోపంలో, రెండు మాటలు దొంగిలించారని ఆ పేజీలో రాశాను. ఒకతను మర్యాదగానే జవాబిచ్చాడు: ఇవి అసలు టేపుల నుంచి తీసినవి అంకుల్, మీ క్యాసెట్టు మీద ఇంకేదో రికార్డయి ఉంటుంది, లేకపోతే ఇన్నేళ్లలో మీరే ఊహించుకుని ఉంటారు. దాని కింద ఇరవైమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, నాకు కాదు, అతనికి. బస్సెడు జనం రోజూ సాయంత్రం ఒకే కల కంటారా అయ్యా? కానీ ఆ బస్సు లేదు. డ్రైవరన్న పోయి చాలా కాలమైంది. నూనె పొయ్యమన్న రైతు వరి కయ్యలు రొయ్యల గుంటలయ్యాయి, ఆయన పిల్లలు ఎటు పోయారో తెలియదు. చేపల పెద్దమ్మ అంతకుముందే పోయింది. నేను విన్నానని చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఇంకొక్కరు, ఒకే ఒక్కరు, అవును నేనూ విన్నాను అంటే చాలునని, పెద్దమ్మ కూతురు ఉందని గుర్తొచ్చి, మంగళవారం ఆటో ఎక్కి మైపాడు పోయాను.

ఒడ్డుకు దగ్గరలో వచ్చేపోయేవాళ్లకి చేపలు వేపి అమ్ముతోంది. అరవై దాటి ఉంటుంది, తల్లి పోలికే. నేను ఫలానా బస్సు కండక్టరునంటే గుర్తుపట్టింది, కుర్చీ వేసింది. పాటల మాట ఎత్తితే మాత్రం తెల్లమొహం వేసింది. "మా అమ్మ పాటలు వినిందా? యాడన్నా, పండుకునేదానికే పొద్దుచాలేది కాదు ఆమెకి" అంది. గిలక పాట చెప్పాను, ఉప్పుగాలి పాట చెప్పాను, నాకు వచ్చిన గొంతుతో పాడి కూడా చూపించాను. పక్కన ఎవరో ఫోటో తీసుకున్నారు. ఆమె జాలిగా తల ఊపింది. లేచి వచ్చేద్దామనుకుంటున్నాను, అంతలో పొయ్యి దగ్గర ఆమెకు సాయంగా ఉన్న కోడలు మూకుడులో నూనె పోస్తూ, సరిపోయిందా అత్తా అని అడిగింది. ఈమె అటు చూడకుండానే, "సరిపోలా మే, ఇంకోటి పాడు!" అంది.

కుర్చీ పొయ్యి దగ్గరికి జరుపుకున్నాను. ఆ మాట ఎక్కడిదమ్మా అని అడిగాను. "మా అమ్మ మాటన్నా. ఎవురేది సరిపోయిందా అని అడిగినా ఇదే అనేది. మా ఇంట్లో పిలకాయలు గూడా అంటారు" అంది. మరి పాడు అంటే ఏమిటని అడిగితే, "పాడంటే పాడే. ఛీ పాడు అనమా? ఇంకో గంటె పొయ్యి, పాడు నూనె! అట్టా" అని నవ్వింది. కాదమ్మా, అది తిట్టు కాదు, పాట పాడమనడం, ఒకామె అడిగితే మీ అమ్మ జవాబు చెప్పింది, అని నేను బస్సు సంగతంతా మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. ఆమె విన్నది. గంటెతో చేప తిప్పుతూ విన్నది. చివరికి, "మా అమ్మ ఒకరిని పాడమనిందా? నువ్వు మరీ అన్నా! ఆమెకి తిట్టడమే తెల్సు" అని, కోడలితో కలిసి కళ్లలో నీళ్లొచ్చేటట్టు నవ్వి, ఆకులో రెండు చేపముక్కలు పెట్టిచ్చింది.

ఇది కూడా పేజీలో రాశాను. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి, ప్రశ్న వినకుండా జవాబు ఎలా పుడుతుంది అని అడిగాను. పాడు అనేది మామూలు తిట్టే కదా అంకుల్, ఆవిడే చెప్పింది కదా, అని అదే కుర్రవాడు రాశాడు. అతన్ని ఏమనను? చదువుకున్నవాడు. విన్న మనిషి కూతురే నమ్మనప్పుడు అతనెందుకు నమ్ముతాడు? ఒక ఇంట్లో ఒక పాటకి పుట్టిన జవాబు ఇంకా బతికే ఉంది, మూకుడు దగ్గరా కంచం దగ్గరా రోజూ పలుకుతూనే ఉంది, కానీ దాన్ని పలికేవాళ్లకి అది పాట కాదు, తిట్టు. వాళ్ల మనవలకి ఆ తిట్టు కూడా ఉంటుందో ఉండదో. నేనున్నన్నాళ్లూ దానికి అర్థం ఉంటుంది. నాతోపాటు అది కూడా పోతుంది.

ఉప్పుగాలి పాట ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్లో వింటున్నాను. గొంతు సన్నబడి, సన్నబడి, ఆగుతుంది. మన రోజుల్లో క్యాసెట్టు అయిపోతే మీట టక్కున పైకి లేచేది, ఆ తరువాత ఇంజను చల్లబడుతున్న చప్పుడు వినపడేది, సముద్రం వినపడేది. ఆ ఖాళీలో ఒక మనిషి ఇంకో మనిషిని సరిపోయిందా అని అడగడానికి చోటుండేది. ఇప్పుడు పాట ఆగగానే, ఊపిరి తీసుకోనివ్వకుండా, ఎవరిదో ఇంకో పాట దానంతటదే అందుకుంటుంది. సరిపోయిందా అని అడిగేవాళ్లు లేరు, సరిపోలేదని ఫోనువాళ్లే తేల్చేసుకున్నారు. పెద్దమ్మ మాట ఒక్కసారి నేనే అందామని నోరు తెరిచేలోపే, ఎవరో నేనెరగని మనిషి పాడేస్తూ ఉంటుంది.